లక్ష్మీపురం సంచిలో హమ్మస్

ఫోన్‌లో వంట వీడియో చూస్తుంటారు. వెడల్పాటి పళ్ళెంలో పచ్చటి హమ్మస్ ముద్ద నున్నగా పరిచి ఉంటుంది. మధ్యలో గుంట, గుంటలో నూనె, పైన చిటికెడు ఎర్రటి పొడి. నోరూరుతుంది, చేసి చూద్దామనిపిస్తుంది. కింద జాబితా చదువుతారు: ఎడమామే, తహీనీ, ఆలివ్ నూనె, పాప్రికా. మొదటి పేరు దగ్గరే బొటనవేలు కదులుతుంది, ఇంకో వీడియో వస్తుంది. "ఇవన్నీ మనకెక్కడ దొరుకుతాయి" అన్న ఒక్క మాటతో ఆ ముచ్చట అక్కడికే సరి.

ఈ అధ్యాయం ఆ బొటనవేలి గురించి. వంట దగ్గర మాత్రమే అది అలా కదలదు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో కోచింగ్‌కు డబ్బు కుదిరితే గ్రూప్స్‌కు చదువుదాం, మంచి బూట్లు కొన్నాక నడక మొదలుపెడదాం, సొంత గది దొరికితే రాసుకుందాం అంటూ పక్కన పెట్టేసిన పనులన్నిటికీ కారణం ఇదే. జాబితాలోని పేరు పట్టుకుని కూర్చుంటాం. ఆ పేరు అక్కడ ఏ పని మీద ఉందో మాత్రం అడగం. పేరు వెతికేవాడికి లేనివే కనిపిస్తాయి. పని అడిగినవాడికి సామాను సగం తన వంటింట్లోనే ఉందని తెలుస్తుంది.

ఈ సంగతి వంటతోనే ఎందుకు చెబుతున్నానంటే, వంట అబద్ధమాడదు. ఉద్యోగం విషయంలోనో చదువు విషయంలోనో మనం తీసుకున్న దారి సరైనదో కాదో తేలడానికి ఏడాది పట్టొచ్చు, ఈలోగా ఎవరి మీదో ఒకరి మీద నెపం పెట్టేసుకోవచ్చు. మిక్సీ గిన్నెలో గంటలో తేలిపోతుంది. పైగా పోయేది కిలో కాయలు, పిడికెడు నువ్వులు.

ముందు ఈ ఎడమామే సంగతి చూద్దాం. ఇదేదో వింత పంట కాదు. సోయా చిక్కుడే. గింజ నిండి, కాయ ఇంకా పచ్చగా ఉండగానే కోస్తే ఎడమామే, చేనులోనే ఎండనిస్తే సోయాబీన్. జపాన్‌లో కాయలను ఉప్పునీళ్ళలో ఉడకబెట్టి, పళ్ళతో గింజలు లాగి తింటారు. మనం చలికాలంలో కందికాయలు ఉడకబెట్టుకుని తినే పద్ధతే. 1275లో నిచిరెన్ అనే బౌద్ధ భిక్షువు, తనకు ఎడమామే తెచ్చిచ్చిన భక్తుడికి కృతజ్ఞతలు చెబుతూ ఉత్తరం రాశాడు. అప్పుడు ఇక్కడ ఓరుగల్లును రుద్రమదేవి ఏలుతోంది.

సోయా మనకు దూరపు పంటా కాదు. ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల్లో వానాకాలంలో బాగా వేస్తారు. కాకపోతే అక్కడ కాయ ఎండాల్సిందే. ఎండిన గింజ నూనె మిల్లుకు పోతుంది. నూనె తీయగా మిగిలిన పిండి మీల్ మేకర్ రూపంలో మన కిరాణా కొట్టుకు వస్తుంది, పలావులో పడుతుంది. పచ్చి దశలో కోసి మార్కెట్‌కు తెచ్చే అలవాటు మన దగ్గర లేదు. తెలిసిన రైతు ఉంటే నాలుగు మొక్కలు పీకించుకు రావచ్చు కదా అంటారేమో. తెచ్చుకోండి, కానీ మందు ఎప్పుడు కొట్టారో అడిగి తెచ్చుకోండి. మిల్లుకు పోయే పంటకు పురుగుమందు కొట్టేటప్పుడు, ఆ కాయను వారంలోపే పచ్చిగా కోసుకు తినేవాళ్ళు ఉంటారని ఎవరూ అనుకోరు.

అందుచేత వరంగల్‌లో ఉన్నవాళ్ళకు ఎడమామే అంటే ఫ్రీజర్ ప్యాకెట్టే. హైదరాబాద్‌లో పెద్ద సూపర్ మార్కెట్లలో ఒలిచిన గింజలు గడ్డకట్టించి అమ్ముతారు. అటు వెళ్ళినప్పుడు తెచ్చుకోవాలనుకుంటే ఒక చిన్న పరీక్ష చేయండి. ప్యాకెట్ చెవి దగ్గర పెట్టి ఊపండి. గింజలు గలగలమంటే మంచిది. ఒకే గడ్డగా ఉంటే ఎక్కడో కరిగి మళ్ళీ గడ్డకట్టినట్టు, దాన్ని అక్కడే వదిలేయండి. దాదాపు 145 కిలోమీటర్ల ప్రయాణంలో మీ ప్యాకెట్ కూడా కరుగుతుంది. కరిగినా చల్లదనం ఉండగానే ఇంటికి చేరితే ఆ రాత్రే వండేయాలి, మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

ఇంత తిప్పలు పడలేని వాళ్ళే ఎక్కువ. వాళ్ళ కోసమే అసలు పాఠం.

ఒక కాగితం తీసుకుని మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు వస్తువు పేరు, కుడివైపు అది చేసే పని. ఎడమామే ఎదురుగా ఏం రాస్తారు? పచ్చని రంగు ఇస్తుంది. ఉడికితే పిండి పిండిగా కాకుండా వెన్నలా మెదుగుతుంది. కొంచెం తియ్యగా ఉంటుంది. ప్రొటీన్ ఎక్కువ. తహీనీ ఎదురుగా: నువ్వుల కమ్మదనం, చిక్కదనం, ముద్దకు నునుపు. ఆలివ్ నూనె ఎదురుగా: పైన మెరుపు, నాలుక మీద జారుడు. పాప్రికా ఎదురుగా: కారం లేని ఎరుపు. ఇక ఎడమవైపు గడిని చేత్తో మూసేసి కుడివైపు మాత్రమే చదవండి. ఆ పనులు చేసిపెట్టే సరుకులు మన ఊళ్ళో ఏవేం ఉన్నాయో మీకే గుర్తొస్తాయి.

మన ప్రాంతానికి ఇది కొత్త తెలివి కాదు. పాలంపేటలో రామప్ప గుడిని 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. కింద ఇసుక నింపిన పునాది, దాని మీద రాతి కట్టడం. పైన శిఖరం కూడా రాతితోనే కడితే ఆ బరువంతా కిందికే దిగుతుంది. శిఖరానికి కావలసింది ఎత్తు, దాని బరువుతో పని లేదు. అందుకని నీళ్ళలో వేస్తే తేలేంత తేలికైన ఇటుకలు కాల్చి శిఖరం కట్టారు. గుడి అంటే రాయే అని పట్టుబట్టి ఉంటే ఆ ఇటుక పుట్టేది కాదు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఆ తేలే ఇటుకల గురించి, ఆ ఇసుక పునాది గురించే అందరూ చెప్పుకున్నారు.

మళ్ళీ మన గింజ దగ్గరికి వద్దాం. చలికాలంలో వరంగల్ లక్ష్మీపురం కూరగాయల మార్కెట్‌కు పొద్దున్నే వెళ్తే అనపకాయలు కుప్పలుగా కనిపిస్తాయి. హన్మకొండ వాళ్ళకైతే కుమార్‌పల్లి మార్కెట్ దగ్గర. పక్కనే పచ్చి కందికాయలు, ఇంకొన్నాళ్ళకు మొక్కలతో సహా కట్టలు కట్టిన పచ్చి శనగలు. ఈ మూడూ ఎడమామే పని చేయగలవు, కానీ సమానంగా కాదు. రంగులో పచ్చి శనగకు మొదటి మార్కు. కందికి తనదైన పచ్చి వాసన ఒకటి ఉంటుంది, కొందరికి అదే ఇష్టం. వెన్నలా మెదగడంలో మాత్రం అనపను మించింది లేదు. నా ఓటు అనపకే.

కొనేటప్పుడు కాయ నొక్కి చూడండి. గింజ వేలికి తగలాలి, కాయ మాత్రం పచ్చగా ఉండాలి. పసుపుకు తిరిగితే గింజ ముదిరి పిండి పట్టినట్టు. సన్నటి రంధ్రం ఉన్న కాయలు లోపల పురుగును మోసుకొస్తాయి. మంచి అనపకాయ ఒలుస్తుంటే వేళ్ళకు జిడ్డుగా వాసన అంటుకుంటుంది, సబ్బుతో కడిగినా కాసేపు పోదు. ఆ వాసనే రుచి. కిలో కాయ ఒలిస్తే గింజ అరకిలో కూడా రాదు, మన కొలతకు సరిపోతుంది.

ఇక నునుపు విషయం. హమ్మస్ ఇసుకలా తగలకుండా జారాలంటే గింజ మీది తోలు పోవాలి. మిక్సీ ఎంత తిప్పినా ఆ పొర పూర్తిగా నలగదు, నాలుకకు పొట్టు తగులుతూనే ఉంటుంది. ఈ కిటుకు నేర్చుకోవడానికి మనం హమ్మస్‌కు పేరున్న బీరూట్ వెళ్ళనక్కర్లేదు, చిత్తూరు వెళ్తే చాలు. అక్కడ చలికాలంలో అనపగింజలను రాత్రి నీళ్ళలో నానేసి, పొద్దున ఒక్కొక్క గింజను బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నొక్కుతారు. పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది, తోలు వేళ్ళ మధ్య మిగులుతుంది. దాన్ని పితికిపప్పు అంటారు. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని పితుకుతారు, ఆ పప్పుతో పులుసు చేస్తారు. బెంగళూరులో చలికాలంలో ఈ గింజ కోసమే ప్రత్యేకంగా మేళా పెడతారు. తెలంగాణలో మనం గింజను తోలుతోనే కూర వండుతాం, గుడాలు చేసుకుంటాం, కాబట్టి పితికే అలవాటు తక్కువ. హమ్మస్‌కు మాత్రం చిత్తూరు వాళ్ళ దారే పట్టాలి. రాత్రంతా నానబెట్టే ఓపిక లేకపోతే, ఉడికాక చల్లటి నీళ్ళలో వేసి పితికినా తోలు సులువుగా ఊడుతుంది. పిల్లలకు అప్పగించండి. గింజ ఎంత దూరం ఎగురుతుందో చూసుకుంటూ పని ముగించేస్తారు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళ పరిస్థితి దీనికి తలకిందులు. అక్కడ ఎడమామే మామూలు సూపర్ మార్కెట్ ఫ్రీజర్‌లోనే దొరుకుతుంది. అనపగింజ కావాలంటే ఇండియన్ స్టోర్‌కు వెళ్ళి, గుజరాతీ పేరుతో ఉన్న పాప్డీ లిల్వా ప్యాకెట్ వెతుక్కోవాలి. కంది గింజ అయితే తువర్ లిల్వా. డల్లాస్‌లో ఉన్న మీ అమ్మాయి అనపగింజల కూరో కందిగింజల కూరో తినాలనిపించి ఫోన్ చేస్తే ఈ పేర్లు చెప్పండి.

అనపలోనూ సోయాలోనూ ఒక జాగ్రత్త తప్పదు. రెండూ పచ్చిగా తినేవి కావు. ముదిరిన, ఎండిన అనపగింజల్లో సైనైడ్‌ను విడుదల చేసే పదార్థాలు ఉంటాయి. నానబెట్టిన నీళ్ళు పారబోసి, వేరే నీళ్ళలో మూత లేకుండా బాగా ఉడికించాలి. సోయాలో ప్రొటీన్ అరుగుదలను అడ్డుకునే పదార్థం ఉంటుంది, ఉడికితే దాని జోరు చాలావరకు తగ్గుతుంది. పచ్చిగింజ మిక్సీలో వేస్తే రంగు ఇంకా బాగుంటుందని ఎవరైనా చెబితే వినకండి.

ఇప్పుడు తహీనీ. సీసా మీద ధర చూసి కంగారు పడే వస్తువు ఇది. లోపల ఉన్నది నువ్వుల ముద్ద, అంతే. బతుకమ్మకు నువ్వుల ముద్దలు, సంక్రాంతికి నువ్వులు కలిపిన సకినాలు చేసే ఊళ్ళో నువ్వులు లేని ఇల్లు ఉండదు. అయితే మనకు చేయి తిరిగిన పద్ధతి ఇక్కడ అడ్డొస్తుంది. నువ్వుల పొడికి మనం చిటపటలాడి రంగు మారేదాకా వేయిస్తాం. హమ్మస్‌కు అలా వేయిస్తే చేదు, ముద్ద గోధుమరంగు. పొట్టు తీసిన తెల్ల నువ్వులు వంద గ్రాములు తీసుకుని, సన్న మంట మీద మూడు నాలుగు నిమిషాలు కలుపుతూ వెచ్చబెట్టండి. రంగు మారకూడదు. అరచేతిలో వేసుకుంటే వేడి తగలాలి, వాసన అప్పుడే మొదలవ్వాలి. అక్కడ దింపేయండి.

పూర్తిగా చల్లారాక చిన్న చట్నీ గిన్నెలో వేసి తిప్పండి. పొడి అవుతుంది, గోడలకు అంటుకుంటుంది. గరిటెతో కిందికి లాగి మళ్ళీ తిప్పండి. నువ్వుల బరువులో దాదాపు సగం నూనే కాబట్టి కాసేపటికి పొడి తడిబారుతుంది. అప్పుడు రెండు మూడు చెంచాల పల్లీ నూనె పోసి తిప్పితే జారుగా ముద్ద తయారవుతుంది. వంద గ్రాముల కంటే తక్కువ వేస్తే చాలా మిక్సీల్లో బ్లేడుకు అందదు, ఊరికే ఎగిరిపడుతుంది. మిగిలింది సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, వారాల తరబడి ఉంటుంది. నల్ల నువ్వులు వద్దు. రుచికి వంక లేదు గాని, రంగు బురదలా మారుతుంది.

నూనెకు ఆలివే అక్కర్లేదు. గానుగ పల్లీ నూనె బాగుంటుంది. గానుగ నువ్వుల నూనె ఇంకా బాగుంటుంది కానీ దాని వాసన బలమైనది, సగానికి సగం కలపండి.

ఎర్రటి పొడి దగ్గర మాత్రం మనం ఎవరికీ తీసిపోం సరికదా, ఒక మెట్టు పైనే ఉన్నాం. వరంగల్ చపాట మిర్చి అని ఉంది. లావుగా, పొట్టిగా, టమాటాలా ఉంటుంది, టమాటా మిర్చి అని కూడా అంటారు. రంగు ముదురు ఎరుపు, కారం నామమాత్రం. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, వచ్చింది. నర్సంపేట వైపు పల్లెల్లో పండిస్తారు, ఎనుమాముల మార్కెట్‌కు బస్తాల్లో వస్తుంది. పచ్చళ్ళకు, రంగు తీయడానికి కొనేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. పాప్రికా చేయాల్సిన పని ఏదైతే ఉందో, కారం లేని ఎరుపు, అది చేయడానికే పుట్టినట్టుంటుంది ఈ మిర్చి. తొడిమలు తీసి, గింజలు దులిపి, గోరువెచ్చగా వేయించి పొడి కొట్టి డబ్బాలో పెట్టుకోండి. పక్కింట్లో పండే దాని పేరు తెలియక దూరదేశపు సీసా వెతికే అలవాటు మనలో చాలామందికి ఉంది, ఈ ఒక్క పొడి ఇంట్లో ఉంటే కొంత తగ్గుతుంది.

ఇక చేయడం. కొలతలు నలుగురికి సరిపోయేవి.

ఎడమామే అయినా, పితికిన అనప అయినా పావుకిలో గింజ తీసుకోండి. గిన్నెలో నీళ్ళు తెర్లనిచ్చి, చెంచా ఉప్పు వేసి, గింజలు వేయండి. కుక్కర్ వద్దు. కుక్కర్‌లో ఎంత ఉడికిందో చూసుకునే వీలుండదు, మూతలో చిక్కిన ఆవిరిలో పచ్చదనం చచ్చిపోతుంది. గడ్డకట్టించిన ఎడమామే ముందే కొంత ఉడికి ఉంటుంది కాబట్టి ఎనిమిది పది నిమిషాలు చాలు. పచ్చి అనపకు పన్నెండు నుంచి పదిహేను. ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నొక్కండి. ముక్కలుగా విరిగితే ఇంకా ఉడకాలి, పేస్టులా పరుచుకుంటే అయింది. తినే గుడాలకంటే రెండు నిమిషాలు ఎక్కువే ఉడకనివ్వాలి. కొద్దిగా నీళ్ళు పక్కన తీసిపెట్టి, గింజలను వెంటనే చల్లటి నీళ్ళలోకి వంపేయండి. వేడి మీద వదిలేస్తే పచ్చరంగు ముదిరి పాచిరంగుకు తిరుగుతుంది. ఆకుపచ్చకు ఆధారమైన పత్రహరితంలో మెగ్నీషియం ఉంటుంది. వేడి, పులుపు కలిస్తే అది విడిపోతుంది, దానితోపాటే రంగూ పోతుంది. అందుకే నిమ్మరసం, వేడి గింజ ఎప్పుడూ ఎదురుపడకూడదు. కొందరు వంటసోడా వేస్తారు, రంగు నిలుస్తుంది గాని సబ్బు రుచి దాపురిస్తుంది.

గింజలు ఆరేలోగా రెండు ఎల్లిగడ్డ రెబ్బలు దంచి, ఒకటిన్నర నిమ్మకాయల రసంలో వేసి పది నిమిషాలు వదిలేయండి. ఎల్లిగడ్డ నలిగినప్పుడు పుట్టే ఘాటును పులుపు అదుపులో పెడుతుంది. మర్నాడు కూడా నోట్లో వెల్లుల్లి వాసన మిగిలే హమ్మస్ ఎవరికీ ఇష్టం ఉండదు.

ఇప్పుడు చాలామంది బెదిరిపోయే ఘట్టం. మిక్సీ గిన్నెలో మూడు పెద్ద చెంచాల నువ్వుల ముద్ద, ఎల్లిగడ్డ నిమ్మరసం, ముప్పావు చెంచా ఉప్పు వేసి తిప్పండి. జారుగా ఉన్న నువ్వుల ముద్ద ఒక్కసారిగా బిగుసుకుపోతుంది, గచ్చులా గట్టిపడుతుంది. విరిగిపోయిందనుకుని నూనె పోస్తారు, ఇంకా పాడవుతుంది. ఏమీ విరగలేదు. నువ్వుల పొడి రేణువులు దొరికిన కాస్త తడినీ పీల్చుకుని ఒకదానికొకటి అతుక్కున్నాయి, వాటికి ఇంకా నీళ్ళు కావాలి. చల్లటి నీళ్ళు ఒక చెంచా పోసి తిప్పండి, ఇంకో చెంచా, ఇంకోటి. చూస్తుండగానే రంగు తెల్లబడి, పెరుగు మీగడలా వదులవుతుంది. అప్పుడే గింజలు వేయాలి. ముందే గింజలు, నువ్వులు, నీళ్ళు అన్నీ కుమ్మరించి తిప్పితే వచ్చేది తొక్కు. రోట్లో నూరిన తొక్కు గొప్పదే, దాని సంగతి వేరు.

గింజలతోపాటు వేయించిన జీలకర్ర పొడి అర చెంచా, గుప్పెడు కొత్తిమీర, ఒక ఐసుముక్క వేయండి. మిక్సీని ఒకేబిగిన తిప్పకండి. అరనిమిషం తిప్పి, ఆపి, గోడలు గీకి, మళ్ళీ తిప్పండి. బ్లేడు వేడెక్కితే రంగుకూ, నునుపుకూ రెండింటికీ చేటు. ఐసు ఉన్నది అందుకే. మొత్తం నాలుగైదు నిమిషాలు పడుతుంది, మీకు చాలనిపించాక ఇంకో నిమిషం తిప్పండి. గట్టిగా ఉంటే పక్కన పెట్టిన ఉడికిన నీళ్ళు చల్లారాక చెంచా చెంచాగా కలపండి. ఫ్రిజ్‌లో ఇంకొంచెం బిగుస్తుంది కాబట్టి మిక్సీలో ఉండగా కావలసినదానికంటే కాస్త జారుగానే ఉండనివ్వండి. చివర రెండు చెంచాల నూనె.

పళ్ళెంలో వేసి, చెంచా వీపుతో గుండ్రంగా తిప్పుతూ గుంట చేయండి. గుంటలో నూనె, పైన చపాట పొడి, నాలుగు ఉడికిన గింజలు.

వస్తువు మార్చవచ్చు అన్నాం కదా అని అన్నీ మార్చేయకూడదు. నిమ్మకు బదులు చింతపండు వేస్తే రంగు నల్లబడుతుంది, రుచి పులుసువైపు పోతుంది. మీల్ మేకర్ కూడా సోయానే కదా అని ఉడకబెట్టి వేసేవాళ్ళున్నారు. నూనె తీసేసిన పిండి అది, వెన్నలా ఎక్కడ మెదుగుతుంది? గడ్డకట్టించిన పచ్చి బఠాణీ ఏడాది పొడుగునా దొరుకుతుంది, రంగు అద్భుతం, కానీ తియ్యదనం ఎక్కువ. బఠాణీ వాడితే నిమ్మరసం పెంచి, ఒక పచ్చిమిర్చి చేర్చండి. ప్రొటీన్ కోసమే చేసుకునేవాళ్ళు ఇంకో లెక్క కూడా చూడాలి. వంద గ్రాముల ఎడమామేలో 11-12 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. పచ్చి కందిగింజలో 7, పచ్చి బఠాణీలో 5. రుచి, రంగు, నునుపు పనులను మన గింజలు చేసిపెడతాయి గాని, ఈ ఒక్క పనిలో వెనకబడతాయి. వ్యాయామం చేసే కుర్రాడికి చేస్తున్నారంటే ప్యాకెట్ తెప్పించుకోవడమే మేలు. కుడివైపు గడి నిజాయితీగా నింపినప్పుడే ఈ పద్ధతి పనిచేస్తుంది. మనకు అసలు ఏ పని కావాలో తేల్చుకోకుండా మార్పులు చేస్తే అది సర్దుబాటు అవుతుంది, ఆ సర్దుబాటు నాలుక్కి తెలిసిపోతుంది.

కోచింగ్ విషయమూ అంతే. అశోక్‌నగర్ ఏం పని చేస్తుంది? వేళకు లేపుతుంది, వారం వారం పరీక్ష పెడుతుంది, చుట్టూ చదివేవాళ్ళను కూర్చోబెడుతుంది. ఈ మూడూ హన్మకొండ గ్రంథాలయంలో నలుగురు స్నేహితులు కలిస్తే కుదిరేవే. సందేహం తీర్చే మనిషి కావాలి అనేది మీ కుడివైపు గడిలో ఉంటే మాత్రం, ఆ మనిషి దొరికే చోటికి వెళ్ళాల్సిందే.

వడ్డించేటప్పుడు ఒక మర్యాద పాటించండి. అనపతో చేస్తే అనప హమ్మస్ అని చెప్పండి. అసలు వంటకం శనగలతో చేసేది. లెబనాన్ వాళ్ళకు దాని మీద ఎంత పట్టింపంటే, 2010లో అక్కడి వంటవాళ్ళు 10,452 కిలోల హమ్మస్ ఒకే పళ్ళెంలో చేసి గిన్నిస్ రికార్డు కొట్టారు. ఆ అంకె ఊరికే పెట్టుకున్నది కాదు, వాళ్ళ దేశ విస్తీర్ణం అన్ని చదరపు కిలోమీటర్లు. మన పచ్చ ముద్దను చూసి వాళ్ళు ముఖం చిట్లిస్తారు, చిట్లించనివ్వండి.

దేనితో తినాలి? చపాతీతో బాగుండదు, మెత్తటిదానికి మెత్తటిది. జొన్నరొట్టె అంచులు కాస్త కరకరలాడేలా కాల్చి ముక్కలు చేస్తే బాగుంటుంది. అన్నిటికంటే సర్వపిండి. పల్లీలు, శనగపప్పు, నువ్వులు, కారం కలిసిన ఆ గట్టి అంచు విరిచి, చల్లటి పచ్చ ముద్దలో ముంచి తింటే హమ్మస్ వరంగల్‌లో పుట్టిందేమో అనిపిస్తుంది. సర్వపిండిలోనే కారం ఉంటుంది కాబట్టి దానితో తినేటప్పుడు ముద్దలో పచ్చిమిర్చి వేయకండి. సంక్రాంతికి మిగిలిన సకినాలూ ఇందుకు పనికొస్తాయి.

మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు రోజులు నిలుస్తుంది. నిమ్మరసం వల్ల రెండో రోజుకు రంగు కొంచెం వెలుస్తుంది, రుచి చెడదు. బయట రెండు గంటలకు మించి ఉంచకండి, వరంగల్ మే నెల ఎండల్లో గంట కూడా ఎక్కువే. నువ్వులు, సోయా పడనివాళ్ళు కొందరుంటారు, అతిథులను ముందే అడగండి. పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు సోయా హమ్మస్‌ను ఉదయం పూట కాకుండా సాయంత్రానికి పెట్టుకోవాలి, సోయా ఆ మందును ఒంటికి పూర్తిగా పట్టనివ్వదు.

అనపకాయ సంక్రాంతి దాటాక కొన్ని వారాలే నికరంగా దొరుకుతుంది, ఆ తర్వాత వచ్చేదంతా ముదురు. ఈ పేజీ చలికాలంలో చదువుతుంటే ఈ ఆదివారమే సంచి పట్టుకుని లక్ష్మీపురం వెళ్ళి కిలో కాయ తెచ్చుకోండి. వేసవిలో చదువుతుంటే పచ్చి బఠాణీ ప్యాకెట్ ఫ్రీజర్ ఉన్న ఏ కొట్టులోనైనా దొరుకుతుంది, పొయ్యి మీద నీళ్ళు పెట్టి నువ్వులు వెచ్చబెట్టడం మొదలుపెట్టండి.